నచ్చిన హోటల్లో ఒక పూట చెడితే అక్కడే చెప్పాలా, రాసేయాలా, మానేయాలా?

ప్రశ్న
అడిగినవారు: మూలబల్ల

ఒంటరిగా ఉంటూ ఉద్యోగం చేసుకునే మనిషిని కావడం వల్ల వారంలో నాలుగైదు పూటలు బయటే తింటాను. ఖరీదైన చోట్లకు వెళ్లే అలవాటు లేదు. పది పన్నెండు బల్లలు, ఇద్దరు ముగ్గురు సర్వర్లు, గల్లాపెట్టె దగ్గర యజమాని గాని ఆయన బంధువు గాని కూర్చుని ఉండే చిన్న హోటళ్లే నా లోకం. ఇన్నేళ్లలో మంచీ చెడూ రెండూ చూశాను కాబట్టి ఒక్క పూట తేడా వస్తే గొడవ పెట్టుకునే రకాన్ని కాను. అయినా పోయిన వారం జరిగిన ఒక సంగతి మనసులో నలుగుతూనే ఉంది. అనుభవమున్నవారు ఏమంటారో తెలుసుకోవాలని కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ హోటల్‌కు దాదాపు మూడేళ్లుగా వెళ్తున్నాను. మొదటిసారి వెళ్లినప్పుడు నేను అడిగిన వంటకం మధ్యాహ్నం చేసినదని, అడుగున కొద్దిగా మిగిలిందని, దానికి బదులు వేరేది తీసుకుంటే బాగుంటుందని సర్వరే నా దగ్గరకు వంగి నెమ్మదిగా చెప్పాడు. అమ్ముడుపోవలసిన సరుకును తానే వద్దన్న మనిషి మీద నమ్మకం కుదరడానికి ఎంతసేపు పడుతుంది? మరోసారి నేను సగం తిని వదిలేసిన కంచం తీసుకెళ్తూ, ఉప్పు ఎక్కువైందా అని అడిగి, నా జవాబు కోసం నిజంగా ఆగాడు. ఆ ప్రశ్న చాలాచోట్ల అడుగుతారు గాని, అడిగినవారి కాళ్లు అప్పటికే పక్క బల్ల వైపు తిరిగి ఉంటాయి.

పోయిన వారం రాత్రి ఎప్పటిలాగే మూల బల్ల దగ్గర కూర్చున్నాను. కొత్త కుర్రాడు ఒకడు వచ్చి, కుర్చీ మీద ఒలికినదాన్ని ఒక తడిగుడ్డతో తుడిచి, అదే గుడ్డను మడత కూడా మార్చకుండా నా బల్ల మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్క ఊపులో లాగాడు. జిడ్డు పోలేదు సరికదా, దీపం వెలుగులో రంగురంగుల చారలుగా పరచుకుంది. ఆర్డర్ ఇచ్చాక నలభై నిమిషాలకు పైగా నన్ను పలకరించినవారు లేరు. నా తరువాత వచ్చిన రెండు బల్లలకు వడ్డన జరిగిపోయింది. చివరికి వచ్చిన గిన్నె అంచు ముట్టుకుంటే చేయి చురుక్కుమంది గాని, చెంచా మధ్యలోకి దింపి నోట్లో పెట్టుకుంటే చల్లగా తగిలింది. నాలుగు చెంచాలు తిని ఆపేశాను.

అసలు తప్పు నాదేమో అనిపించిన ఘట్టం ఆ తరువాతది. బిల్లు తెచ్చిన పాత సర్వర్ "ఎలా ఉందండీ?" అని అడిగితే "బాగుంది" అన్నాను. ఒట్టి మొహమాటం. ఇంటికి వచ్చాక మాత్రం ఫోన్‌లో ఆ హోటల్ పేజీ తెరిచి, గుడ్డ సంగతి, గిన్నె సంగతి, నలభై నిమిషాల సంగతి ఏదీ వదలకుండా రాసి, ఒక్క స్టార్ ఇచ్చి, పంపబోయి ఆగిపోయాను. ఎదురుగా నిలబడి అడిగిన మనిషితో బాగుందని, ఇంటికి వచ్చి లోకంతో బాగోలేదని చెప్పడం ఏం న్యాయమనిపించింది. ఆ రాత ఇంకా పంపకుండా అలాగే ఉంది.

అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. హోటల్ విషయంలో ఆ మాట చెల్లుతుందా? చెడిన ఒక పూటను పొరపాటు కింద వదిలేయాలా, లోపల ఏదో పాడవుతోందనడానికి ఆనవాలుగా తీసుకోవాలా? చెప్పదలుచుకుంటే ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి?

జవాబు
రాసినవారు: గరిటె

మూలబల్ల గారూ, నేను పదకొండేళ్లు ఇలాంటి చిన్న వంటశాలల్లోనే పనిచేసి, నడుము నొప్పి తట్టుకోలేక ఆ పని మానుకున్నాను. ఆ అనుభవంతో, మీ గిన్నె ప్రయాణాన్ని లోపలివైపు నుంచి ఊహించి చెబుతాను.

అంచు వేడి, మధ్య చలువ అన్నారంటే ఆ గిన్నె పొయ్యి మీద నుంచి దిగినది కాదు. ఫ్రిజ్‌లోంచి తీసి మైక్రోవేవ్‌లో పెట్టి, మధ్యలో ఒకసారి బయటికి తీసి కలపకుండానే మీ ముందుకు తెచ్చినది. మైక్రోవేవ్ తరంగాలు పదార్థం లోపలికి రెండు మూడు సెంటీమీటర్ల మేరకే బలంగా చొరబడతాయి, అక్కడి నుంచి నడిమికి వేడి మెల్లగా పాకవలసిందే. కాబట్టి సగంలో తీసి కలిపి, మళ్లీ పెట్టి, తీశాక ఒక నిమిషం ఆగి ఇవ్వాలి. తొందరలో ఉన్న మనిషి ఈ మూడింటినీ ఎగ్గొడతాడు. ముందుగా వండి ఉంచుకుని మళ్లీ వేడి చేయడం దానంతట అది తప్పు కాదని కూడా చెప్పాలి. ఏ వంటశాల అయినా సగం పని ముందే ముగించుకుని ఉంచుకోకపోతే ఒక్క రాత్రి కూడా నడవదు. తప్పల్లా ఆ వేడి చేయడాన్ని సగంలో ఆపేయడం.

ఇక నలభై నిమిషాల మాట. మీ తరువాత వచ్చినవారికి ముందుగా వడ్డించారంటే మీ ఆర్డర్ చీటీ ఎక్కడో తప్పిపోయింది. మరో చీటీ వెనక అతుక్కుని ఉంటుంది, లేదా సర్వర్ జేబులోనే ఉండిపోయి ఉంటుంది. ముప్పై అయిదో నిమిషంలో ఎవరికో గుర్తొచ్చి ఉంటుంది, గిన్నెను హడావిడిగా వేడి చేయించి ఉంటారు. అంటే మీకు రెండు లోపాలుగా కనబడినవి లోపల ఒకటే కావచ్చు. కొత్త కుర్రాడు బల్లలు చూస్తున్నాడు, పాత సర్వర్ బిల్లులు పట్టుకుని తిరుగుతున్నాడు అన్నారు కనుక, ఆ రాత్రి ఒక మనిషి తక్కువై ఉంటాడని నా అనుమానం.

జనం ఎక్కువైన రాత్రి అసలు ఏం జరుగుతుందో బయటివారికి తెలియదు కాబట్టి చిన్న లెక్క చెబుతాను. నాలుగు పొయ్యిలు, ఒక్కో వంటకానికి ఎనిమిది నిమిషాలు అనుకుంటే గంటకు ముప్పై వంటకాలు దిగుతాయి. పన్నెండు బల్లల్లో ముగ్గురేసి ఒకేసారి కూర్చుని మనిషికొకటి చెబితే ముప్పై ఆరు. చివరి మనిషికి అందేసరికి గంట దాటి పన్నెండు నిమిషాలు, అదీ ఎవరి చేతిలోంచీ ఏదీ జారకపోతే. అదే జనం అరగంట వ్యవధిలో విడివిడిగా వస్తే ఎవరికీ అంత ఆలస్యం తెలియదు. అందుకే అనుభవమున్న యజమాని ఖాళీ బల్ల ఉన్నా కొత్తవారిని రెండు నిమిషాలు గుమ్మం దగ్గరే నిలబెడతాడు. మనం చూసి గర్వమనుకుంటాం.

ఎప్పుడు చెప్పాలని అడిగారు. మొదటి రెండు మూడు చెంచాల్లోనే చెప్పాలి. తీర్పుగా చెప్పకండి, కనబడినదాన్ని కనబడినట్టు చెప్పండి. "ఇదేం వంట" అంటే లోపల ఉన్నవాడికి రోషం వస్తుంది, పని జరగదు. "మధ్యలో చల్లగా ఉంది, ఒకసారి చూడండి" అంటే చెంచా దింపి చూస్తాడు, అంతటితో వాదన ముగిసిపోతుంది. కంచం ఖాళీ అయ్యాక, ఇంటికి వెళ్లాక చెబితే చూడడానికి అక్కడ ఏమీ మిగలదు, మీ మాటా వాళ్ల మాటా తప్ప.

ఒకసారి నా చేతి నుంచి వెళ్లిన గిన్నెను ఒకాయన వెనక్కి పంపాడు. వాసన తేడాగా ఉందని ఆయన అభియోగం. పనివేళ, నెత్తి మీద పది చీటీలు, నాకు ఒళ్లు మండిపోయింది. మా మాస్టర్ మాత్రం మారు మాట్లాడకుండా గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని, ఫ్రిజ్ తెరిచి, అందులో ఉన్న పెద్ద డబ్బా మొత్తాన్ని చెత్తలో పారబోశాడు. తరువాత తలుపు చుట్టూ వేలితో తడుముకుంటూ వెళ్లి కింది మూల దగ్గర ఆగాడు. రబ్బరు బెత్తెడు పొడవున చిరిగి ఉంది. రోజూ పాతికసార్లు ఆ తలుపు తీసి మూస్తున్న నాకు అది కనబడలేదు. ఆయన గిన్నెను వెనక్కి పంపకుండా మీలాగా "బాగుంది" అని వెళ్లిపోయి ఉంటే, ఆ చిరుగు ఇంకెంతమంది కడుపులు చెడగొట్టాక బయటపడేదో.

ఫిర్యాదు చేస్తే లోపల తిండిలో ఏదైనా కలుపుతారేమోనని చాలామంది భయపడతారు. పదకొండేళ్లలో నేను అలాంటిది చూడలేదు. కేకలు వేసిన బల్లకు మంచినీళ్లు ఆలస్యంగా వెళ్లడం మాత్రం చూశాను, దాచడమెందుకు.

జవాబు
రాసినవారు: సూక్ష్మదర్శిని

ఆహార భద్రత తనిఖీకి సంబంధించిన పనిలో ఉన్నాను. గరిటె గారు చెప్పినదానిలో చాలా భాగం ఒప్పుకుంటాను గాని, చల్లగా ఉన్న నడిమి భాగాన్ని కేవలం తొందరపాటుగా తేల్చేయడం నాకు సమ్మతం కాదు. నాలుగు చెంచాల దగ్గర ఆపి మూలబల్ల గారు మంచి పని చేశారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో వంట చేసేవారందరి కోసం అయిదు సూత్రాలు ప్రకటించింది. శుభ్రంగా ఉంచడం, పచ్చివాటినీ వండినవాటినీ వేరుగా ఉంచడం, పూర్తిగా ఉడికించడం, తగిన ఉష్ణోగ్రతలో నిలవ చేయడం, మంచి నీరూ మంచి సరుకులూ వాడడం. చదవడానికి చిన్నపిల్లల పాఠంలా ఉంటాయి గాని, ప్రాణమంతా వాటిలోని అంకెల్లో ఉంది. వండేటప్పుడు పదార్థం నడిమి భాగం కూడా 70 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. వేడిగా ఉంచేవి 60కి పైన, చల్లగా ఉంచేవి 5కు దిగువన ఉండాలి. వండినది గది వేడిమిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. 5కూ 60కీ మధ్య ఉన్నది సూక్ష్మజీవులకు పండుగ వేళ.

మళ్లీ మరిగిస్తే అన్నీ చచ్చిపోతాయి కదా అని వంటవారే నన్ను అడుగుతుంటారు. ఇక్కడే మనకు తెలిసిన లెక్క తప్పుతుంది. అన్నం వంటి పిండిపదార్థాల్లో తరచుగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి విత్తనాల వంటి రూపంలో ఉడుకును తట్టుకుని బతుకుతుంది. వండిన గిన్నె గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే మళ్లీ మేలుకుని పెరుగుతుంది. అది వదిలే వాంతుల విషం ఎంత వేడి చేసినా విరగదు. అంటే ముందు జాగ్రత్తగా చల్లార్చని గిన్నెను తరువాత ఎంత మరిగించినా లాభం లేదు. అమెరికా ఆహార నియమావళి ప్రకారం వేడి పదార్థం 57 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో, అక్కడి నుంచి 5కు మరో నాలుగు గంటల్లో దిగాలి. లోతైన గుండిగను అలాగే ఫ్రిజ్‌లోకి తోసేస్తే ఇది జరగదు, వెడల్పాటి పళ్లాల్లో పలచగా పరచవలసిందే. మూలబల్ల గారి మెతుకు సామెతకు నా జవాబు కూడా ఇదే. మెతుకు పట్టి చూస్తే ఉడికిందో లేదో తెలుస్తుంది గాని, వండినప్పటి నుంచి మన కంచంలోకి వచ్చేదాకా అది ఎక్కడెక్కడ ఉందో తెలియదు.

తినేవారికి లోపలి సంగతి కనబడదు, కనబడేవి కొన్నే. అందులో ఆ గుడ్డ ఒకటి. నిజం చెప్పాలంటే, మీ వివరణ మొత్తంలో నన్ను ఆపినది గిన్నె కాదు, గుడ్డ. రోజంతా తడిగా ఉండే గుడ్డ శుభ్రం చేయదు, ఒక బల్ల మీద ఉన్నదాన్ని పది బల్లలకు పంచుతుంది. డబ్బు ముట్టుకున్న చేత్తోనే రొట్టె అందిస్తున్నారా, చేతులు కడిగే చోట సబ్బు ఉందా, దగ్గుతున్న మనిషి వడ్డిస్తున్నాడా అన్నవి కూడా కూర్చున్న చోటు నుంచే చూడవచ్చు. కొన్ని దేశాల్లో తనిఖీ ఫలితాన్ని గుమ్మం దగ్గరే అంటిస్తారు. బ్రిటన్‌లో చాలా భాగంలో 2010 నుంచి సున్నా నుంచి అయిదు దాకా అంకెలిచ్చే పద్ధతి ఉంది, వేల్స్‌లో 2013 నుంచి ఆ అంకెను బయటికి కనబడేలా పెట్టడం తప్పనిసరి. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ కౌంటీలో 1998లో ఎ, బి, సి అక్షరాల శ్రేణులు వచ్చాక ఆహారం వల్ల ఆస్పత్రి పాలయ్యేవారు తగ్గారని తొలి పరిశోధన చెప్పింది. తరువాతి పరిశోధకులు ఆ లెక్కలను మళ్లీ చూసి, తగ్గుదలకు కారణం ఆ కాగితమేనా అని సందేహించారు. కాగితం తనిఖీ జరిగిన రోజు సంగతి చెబుతుంది, మీరు తిన్న రాత్రి సంగతి చెప్పదు.

మరొక మాట. ఇలాంటి భోజనం తరువాత కడుపు చెడితే వెంటనే ఆ హోటల్ పేరు పెట్టి రాసేవారు ఎక్కువ. చివరగా తిన్నదాన్నే అనుమానించడం సహజమే గాని, చాలాసార్లు తప్పు. స్టెఫైలోకాకస్ అనే సూక్ష్మజీవి విషమైతే కొద్ది గంటల్లోనే వాంతులు మొదలవుతాయి, నోరోవైరస్ అయితే 12 నుంచి 48 గంటలు పడుతుంది, కాంపిలోబాక్టర్ సాధారణంగా రెండు నుంచి అయిదు రోజులు తీసుకుంటుంది. హెపటైటిస్-ఎ అయితే తిన్న వారాల తరువాత గాని బయటపడదు. జబ్బు పడితే ముందు వైద్యుడి దగ్గరకు వెళ్లి, గత మూడు నాలుగు రోజుల్లో ఏ పూట ఎక్కడ ఏం తిన్నారో కాగితం మీద రాసుకోండి. స్థానిక ఆరోగ్య అధికారులకు ఆ కాగితం ఇస్తే, అదే చోట తిన్న మరో నలుగురి కాగితాలతో కలిపి చూడగలరు. ఒక్కరి అనుమానంతో ఎవరి తప్పూ తేలదు.

ఉప్పు ఎక్కువైనా, వడ్డన ఆలస్యమైనా, సర్వర్ ముఖం చిట్లించినా నేను పట్టించుకోను. గుడ్డ, పచ్చి వాసన, ఉడకని నడిమి భాగం, ఇవి మాత్రం ఒకసారి చెప్పాక రెండోసారి కనబడితే ఆ గుమ్మం తొక్కను.

జవాబు
రాసినవారు: ఒక్కమాట

అందరూ ఇంత ఓపికగా రాస్తుంటే నాకు ఒక్కటే సందేహం. డబ్బు ఇచ్చి తినడానికి వెళ్లిన మనిషికి వంటశాలను బాగుచేసే బాధ్యత ఎందుకు? రోజంతా పని చేసి అలసిపోయి వచ్చి, ఎవరికో పాఠం చెప్పడానికి మాటలు వెతుక్కోవాలా? నచ్చకపోతే వెళ్లను, వీధిలో మరో నాలుగు హోటళ్లు ఉంటాయి. మూడేళ్ల పరిచయం ఉంటే మాట వేరే అంటే ఒప్పుకుంటాను గాని, ఆ పరిచయమే మీ నోరు కట్టేసిందని కూడా గమనించండి. తెలియనివారి హోటల్లో అయితే మీరు ఆ గిన్నెను అప్పుడే వెనక్కి పంపేవారు.

జవాబు
రాసినవారు: తూనికరాయి

ఒక్కమాట గారి చివరి వాక్యం నాకు గుచ్చుకుంది, ఎందుకంటే అది నిజం. అయితే పంపకుండా ఆగిన ఆ రాత గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను దాని గురించే రాస్తాను.

హార్వర్డ్‌కు చెందిన మైకేల్ లూకా అనే ఆర్థిక శాస్త్రవేత్త సియాటెల్ నగరంలోని హోటళ్ల ఆదాయాన్నీ, జనం హోటళ్ల మీద అభిప్రాయాలు రాసే యెల్ప్ అనే వెబ్‌సైట్‌లో వాటికి వచ్చిన స్టార్లనూ పక్కపక్కన పెట్టి చూసి 2011లో ఫలితాలు వెల్లడించారు. ఒక్క స్టార్ పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతుందని తేలింది. నన్ను ఆలోచింపజేసినది మాత్రం ఆయన చెప్పిన రెండో విషయం. ఆ ప్రభావమంతా సొంతంగా నడుపుకునే హోటళ్ల మీదే ఉంది, ఊరూరా శాఖలున్న పెద్ద సంస్థల మీద కనబడలేదు. పెద్ద సంస్థ ఎలా ఉంటుందో జనానికి ముందే తెలుసు, మన రాత చదవనవసరం లేదు. చిన్నవాడి విషయంలో మాత్రం మన రాతే అతని పేరు. పన్నెండు బల్లల హోటల్‌కు ఒక్క స్టార్ ఇవ్వడమంటే పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

అలాగని రాయవద్దని అనను. రాత్రి ఇంటికి వచ్చి రాసేది ఆ పూటంతటి లెక్క కాదని మాత్రం గుర్తు పెట్టుకోవాలి. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్, ఆయన సహచరులు 1993లో ఒక ప్రయోగం ప్రచురించారు. 14 డిగ్రీల చన్నీళ్లలో ఒక నిమిషం చేయి ఉంచడం ఒకసారి, అదే నిమిషానికి తోడు మరో అరనిమిషం ఉంచి ఆ అరనిమిషంలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయడం ఇంకోసారి. మళ్లీ చేయవలసి వస్తే ఏది కావాలంటే ఎక్కువమంది ఆ పొడవైనదాన్నే కోరుకున్నారు. మొత్తం బాధ ఎక్కువైనా ముగింపు కాస్త మెత్తగా ఉంటే చాలన్నమాట. మూలబల్ల గారి రాత్రి చూడండి, అన్నిటికంటే చెడిన క్షణమూ ముగింపూ రెండూ ఆ చల్లని చెంచాయే. ఆయన ఆ నలభై నిమిషాలూ ఎప్పుడొస్తుందో తెలియకుండా కూర్చున్నారు. ఎంతసేపు పడుతుందో తెలియని ఎదురుచూపు తెలిసినదానికంటే పొడవుగా అనిపిస్తుందని డేవిడ్ మైస్టర్ 1985లోనే రాశారు. సర్వర్ ఒకసారి వచ్చి "ఇంకో ఇరవై నిమిషాలు పడుతుందండీ" అని ఉంటే, అవే నిమిషాలు సగం బరువు తగ్గేవి.

శబ్దం మాట కూడా చెప్పుకోవాలి. చుట్టూ గోల పెరిగిన కొద్దీ ప్రతి మనిషీ తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఎతియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లో రాశారు. పలకలు పరచిన గదిలో పన్నెండు బల్లలూ నిండితే ఒకరి గొంతు మరొకరి గొంతును పెంచుతూ పోతుంది. అరగంట గడిచేసరికి తిండి ఎలా ఉన్నా లేచిపోవాలనిపిస్తుంది. ఆ చిరాకు కూడా మన స్టార్లలోకి వెళ్తుంది.

నా సిగ్గు కథ ఒకటి చెబుతాను. స్నేహితుడితో కలిసి భోంచేసి వచ్చాక, మేము తినని వంటకానికి బిల్లు వేశారని ఒక హోటల్ మీద ఘాటుగా రాశాను. మోసమన్న మాట కూడా వాడాను. రెండు రోజుల తరువాత ఏదో మాటల్లో తేలింది, నేను చేతులు కడుక్కోవడానికి వెళ్లి వచ్చేలోగా మా వాడే దాన్ని తెప్పించుకుని తినేశాడట. పరుగున వెళ్లి రాత చెరిపేద్దామని చూస్తే, అప్పటికే దాని కింద యజమాని క్షమాపణ చెప్పి, వస్తే డబ్బు వాపసు ఇస్తానని రాసి ఉన్నాడు. ఆయన చేయని తప్పుకు.

దానికి ఎదురు కథ కూడా ఉంది. మరో చోట చేతిరాత బిల్లు ఇచ్చేవారు. మొదటిసారి కూడిక తప్పితే నవ్వి ఊరుకున్నాను. రెండోసారీ తప్పింది. మూడోసారి నేనే కాగితం మీద కూడి చూపించాను. మూడుసార్లూ తప్పు వాళ్లకు లాభం వచ్చే వైపే జరిగింది. నిజమైన పొరపాటు ఒక్కోసారి మన వైపు కూడా మొగ్గుతుంది. ఎప్పుడూ ఒకే వైపు మొగ్గే త్రాసును పొరపాటనరు. మూలబల్ల గారు ఆనవాలు అడిగారు కదా, నాకు తెలిసిన ఆనవాలు ఇదొక్కటే.

రాయదలిస్తే ఏ పూట వెళ్లారో, ఎన్నేళ్లుగా వెళ్తున్నారో, ఏం జరిగిందో, అక్కడే చెప్పారా లేదా, చెబితే ఏమన్నారో రాయండి. "చెప్పారా లేదా" అన్న గడి మీ రాతలో ప్రస్తుతం ఖాళీగా ఉంది.

తిరిగి
రాసినవారు: మూలబల్ల

అందరికీ నమస్కారం. జరిగినది చెప్పడానికి వచ్చాను.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక వెళ్లి, గల్లాపెట్టె దగ్గర ఉన్న యజమానితో ఆ రాత్రి సంగతి చెప్పాను. గరిటె గారు చెప్పినట్టు తీర్పు లేకుండానే చెప్పాననుకుంటున్నాను. ఆయన మొదటి మాట "మా దగ్గర అలా జరగదండీ". ఆ మాటకు నేను సిద్ధపడి వెళ్లలేదు, ఒక్క క్షణం ఇద్దరమూ బిల్లుపుస్తకం వైపు చూస్తూ ఉండిపోయాం. పక్కనే గ్లాసులు సర్దుతున్న పాత సర్వర్ తలెత్తకుండా "జరిగింది" అన్నాడు.

గరిటె గారి ఊహ సగమే నిజమైంది. చీటీ వెనకబడిన మాట వాస్తవమే గాని, ఆ రాత్రి ఎవరూ సెలవులో లేరు. రెండు నెలలుగా ఫోన్ ద్వారా వచ్చే పార్సిల్ ఆర్డర్లు కూడా తీసుకుంటున్నారట. బయట బండి మీద కూర్చున్న కుర్రాళ్లు తొందరపెడుతుంటే లోపలివారు వాటినే ముందు దింపుతున్నారు. బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు ఎలాగూ లేచి వెళ్లరు కదా అన్నది ఎవరూ పైకి అనని లెక్క. పొయ్యిలు మాత్రం పాతవే. యజమాని దీన్ని ఇదివరకు ఈ వైపు నుంచి ఆలోచించినట్టు లేదు. డబ్బు వాపసు ఇస్తానన్నాడు, తీసుకోలేదు.

అదే వారం రాత్రి మళ్లీ వెళ్లాను. ఆర్డర్ తీసుకుంటూనే పాత సర్వర్ అరగంట పడుతుందన్నాడు, ఇరవై అయిదు నిమిషాలకు వచ్చింది. గిన్నె నా ముందు పెట్టి వెళ్లిపోకుండా, నేను చెంచాను మధ్యలోకి దింపేదాకా నిలబడ్డాడు. వేడిగానే ఉంది. ఆ మాటే చెప్పాను, ఈసారి నిజంగానే.

సూక్ష్మదర్శిని గారికి మాత్రం మంచి కబురు లేదు. గుడ్డ మారలేదు. ఆ కుర్రాడు ఆ రోజు కూడా కుర్చీ తుడిచి, దానితోనే బల్ల తుడిచాడు. యజమానితో గిన్నె గురించి, ఆలస్యం గురించి మాట్లాడాను గాని, ఒకేసారి మూడు చెబితే తప్పులు ఎంచడానికి వచ్చినట్టుంటుందని గుడ్డ మాట మింగేశాను. మొహమాటం పూర్తిగా వదిలేది కాదనుకుంటాను. పంపని రాతను చెరిపేశాను. కొత్తది ఇప్పుడే రాయను, ఇంకో నెల తిన్నాక చూస్తాను.

జవాబు
రాసినవారు: గరిటె

పార్సిళ్ల సంగతి నాకు తట్టలేదు, నేను పని మానేసే నాటికి మా దగ్గర అవి లేవు.

గుడ్డ విషయం యజమానికి చెప్పకండి, అందరి ముందూ చెప్పకండి. ఈసారి బల్ల తుడవడానికి వచ్చినప్పుడు ఆ కుర్రాడికే చెప్పండి, బల్లకొక గుడ్డ, కుర్చీకీ నేలకూ వేరే గుడ్డ, గంటకోసారి మార్చాలని. అతను వినడని అనుకోకండి. నేను పనిలో చేరిన కొత్తలో ఆరు నెలలు ఒకే గుడ్డతో అన్నీ తుడిచాను, నాకు ఎవరూ చెప్పలేదు.